ఊటమ్మ మీద ధర్నా

సినిమా వాళ్లకు మా చెలక పొలం ఇవ్వొద్దని నేను మొదటినుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను. నా మాట ఎవరు విన్నారు గనుక! మా బాపు జనార్ధన్ ఒకప్పుడు ఊరికి సర్పంచ్. ఊరు మున్సిపాలిటీలో కలిసిపోయి పదవి పోయినా, తెల్లచొక్కా ఇస్త్రీ నలగనివ్వని మనిషి. షూటింగ్ అనగానే “మన చెలక తెర మీద కనవడ్తదే బిడ్డా” అని పొంగిపోయాడు. మా అమ్మ రాధమ్మేమో అంతమందికి చాయ్ చేయాలా, సల్ల చేయాలా అని హైరానా పడింది. అనుమానపడ్డదాన్ని నేనొక్కదాన్నే. నాకు కోపం ముక్కు మీదుంటుందని ఇంటిల్లిపాదీ అంటారు. ఉంటే ఉంది. ముక్కు మీద కోపమున్న మనిషి ఒకరు లేకపోతే ఏ ఇంటికైనా ఎవరు పడితే వాళ్లు వచ్చి తాళ్లు కట్టిపోతారు.

తాళ్లు కట్టడమంటే నిజంగానే కట్టారు. ఉగాదికి ముందు ఒక ఆదివారం పొద్దున నేను గుండ్లపోచంపల్లిలోని అత్తగారింటి నుంచి వచ్చేసరికి, శామీర్‌పేట చెరువుకు ఇవతల ఉన్న మా చెలకలో వాళ్ల బండ్లు, లైట్లు, గొడుగులు దిగిపోయి ఉన్నాయి. మమ్మల్ని దగ్గరికి రానివ్వకుండా అడ్డంగా తాడు. మా చెలకలో మాకే తాడు! సినిమా అంతా ఎప్పుడో అయిపోయిందట, ఏవో ముక్కలు మిగిలాయట, దాన్ని ప్యాచ్‌వర్క్ అంటారట. ఊరు ఊరంతా గట్టు మీద నిలబడి చూస్తోంది.

ఆ సినిమా మా తమ్ముడు అన్వేష్ గీసిన బొమ్మల పుస్తకం మీద తీస్తున్నారు. పుస్తకం పేరు ‘ఊటమ్మ’. భూమి లోపల పారే నీళ్ల చప్పుడు వినగలిగే ఒక పల్లెటూరి ఆడమనిషి కథ. చదువుకున్న పిల్లలంతా దాన్ని సూపర్‌హీరో కామిక్ అంటారు. మేడ్చల్ చుట్టుపక్కల ఎవర్ని లేపి అడిగినా ఊటమ్మ ఎవరో చెప్తారు. మా అవ్వ, బాపు తల్లి శివమ్మ. ఒకప్పుడు ఈ ఊళ్లలో బోరు వేయాలంటే ముందు మా అవ్వ రావాలి. అరచేతిలో కొబ్బరికాయను పడుకోబెట్టుకుని చెప్పుల్లేకుండా చెలకంతా నడిచేది. నీళ్లున్న చోట కాయ లేచి నిలబడేది. అక్కడ గుర్తు పెడితే మర్నాడు బోరుబండి వచ్చేది. ఎవరి దగ్గరా పైసా ముట్టేది కాదు. చాయ్ తాగి ఇంటికొచ్చేది. అట్లాంటి మనిషిని బొమ్మల్లో పెట్టినందుకు మేమంతా మురిసిపోయాం. బాపు అయితే ఇంటికొచ్చిన ప్రతి పెద్దమనిషికీ శాలువాతో పాటు ఆ పుస్తకమొకటి చేతిలో పెట్టేవాడు.

ఇప్పుడు తాడుకు ఇవతల నిలబడి నేను చూసిందేమిటంటే, ఊటమ్మ వేషం కట్టిన పిల్ల బూట్లు వేసుకున్న ఒక పెద్దమనిషి ముందుకు ఉరికొచ్చి ధబాలున అతని కాళ్ల దగ్గర పడింది. మైకులో ఎవరో “ఒన్ మోర్” అన్నారు. లేచింది, దుమ్ము దులుపుకుంది, మళ్లీ ఉరికింది, మళ్లీ పడింది. ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఆ పిల్ల పడుతూనే ఉంది. ఆ బూట్లవాడు నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వుతూనే ఉన్నాడు. ఆ దూరానికి మాటలేమీ వినిపించలేదు. వినిపించాల్సిన పనేముంది? కళ్లున్నాయి కదా.

“ఏందే కావ్యా,” అంది పక్కింటి దుర్గాబాయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. “మీ అవ్వ ఎన్నడన్న ఎవ్వని కాళ్లన్న మొక్కిందా?”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

అన్వేష్ మధ్యాహ్నం అన్నానికి వచ్చాడు. ముఖమంతా ఎండకు కమిలిపోయి ఉంది. అమ్మ కంచం పెట్టిందో లేదో నేను మొదలుపెట్టాను.

“ఏందిరా గది?”

“ఏంది అక్కా?”

“నటించకు. గా పిల్ల గా బూట్లోని కాళ్ల మీద పడుడేంది? పొద్దటి సంది పడుతనే ఉన్నది. మన అవ్వ ఎవ్వని కాళ్ల మీద వడ్డదిరా?”

“కాళ్ల మీద పడలేదక్కా.”

“ఊరంత జూసింది. నా కండ్లు వోయినయా? ఊరోళ్ల కండ్లు గూడ వోయినయా?”

అన్వేష్ కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది. “సినిమాల ఏం దీస్తున్నరో బయట జెప్పనని వాళ్లకు మాటిచ్చిన. రిలీజయినంక సూడు. గప్పుడు తిట్టు, పడ్త.”

అప్పటిదాకా గడపలో నిలబడి వింటున్న బాపు లోపలికొచ్చాడు. ఆయన అంత మెల్లగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. “నా తల్లిని బజార్ల వెట్టినవురా. ఒకపారి గా సారు జేసిన బద్నాం సాలదని, ఇప్పుడు దునియా అంత జూసెటట్టు జేస్తున్నవు. ఇగ ఈ ఇంట్ల నీ ముఖం జూపియ్యకు.”

“పోరన్ని తిననియ్యిండ్రి,” అంది మంచం మీంచి అవ్వ. “తిన్నంక తిట్టుండ్రి.”

వాడు తినలేదు. కంచంలోనే చెయ్యి కడిగి, లేచి, బ్యాగు తగిలించుకుని బైకెక్కి పోయాడు. నాకు జాలి కలగలేదు. తప్పు చేసినవాడికి అన్నం మీద అలకొకటా అనుకున్నాను.

బాపు అన్న బద్నాం సంగతి మీకు చెప్పాలి. కరువు రోజుల్లో, నేను సిటీలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నప్పుడు, శామీర్‌పేట దగ్గర ఫామ్‌హౌస్ కట్టుకున్న ఒక సారు బోరు పాయింట్ చూడమని అవ్వను పిలిపించాడు. అవ్వ చూసింది. బోరుబండి ఎంత లోతుకు దిగినా దుమ్ము తప్ప నీటి చుక్క రాలేదు. ఆ సారు పదిమందిలో అవ్వను దొంగముసల్దానా అని తిట్టి, ఆమె చేతిలో కొబ్బరికాయ లాక్కుని బోరుబండి చక్రానికేసి కొట్టాడు. అప్పుడు మా బాపు వాడి గల్లా పట్టుకుని “నా తల్లిని అంటవారా” అని గుంజాడని, నలుగురు అడ్డం పడకపోతే ఆ రోజు అక్కడ తలకాయలు పగిలేవని మా ఇంట్లో చెప్పుకుంటారు. పెళ్లిళ్లలో, దావత్‌లలో ఆ కథ ఎన్నిసార్లు విన్నానో! విన్న ప్రతిసారీ ఇట్లాంటి తండ్రికి పుట్టానని గర్వంగా ఉండేది. అవ్వ మాత్రం ఆ మాట ఎత్తగానే లేచి బర్రెకు నీళ్లు పెట్టడానికి పోయేది. పాత బాధ కదా, వినలేకపోతుందనుకునేదాన్ని. ఆ రోజు తర్వాత అవ్వ నీళ్లు చూడటానికి మళ్లీ ఎవరి చెలకా తొక్కలేదు.

ఇదీ మా కోపం. ఇంత జరిగిన ఇంట్లో పుట్టినవాడు, తెలిసి తెలిసి, అవ్వ ఆ సారు కాళ్ల మీద పడినట్టు తీయిస్తాడా?

ఎండలు ముదిరాయి. బడికి సెలవులిచ్చారు. నేను కొంపల్లిలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్తాను, కాబట్టి సెలవులు ఇవ్వగానే బట్టలు సర్దుకుని అమ్మగారింట్లో దిగాను. మా ఆయన “సినిమాయే కదా కావ్యా, పోనియ్యి” అన్నాడు. సినిమాయే కదా! ఆయన అవ్వ అయితే తెలిసేది. కొన్నాళ్లు ఆయన ఫోన్ కూడా ఎత్తలేదు నేను.

ఈలోపు పోస్టర్లు పడ్డాయి. మేడ్చల్ బస్టాండు ఎదురుగా ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒకటే బొమ్మ. ఆ పిల్ల మెడ నుంచి మడమల దాకా నీలంగా నిగనిగలాడే బట్టలో చేతులు చాపుకుని నిలబడి ఉంది. చూసి నాకు ఒళ్లు మండిపోయింది. మా అవ్వ జీవితమంతా గోచీ పోసి కట్టిన ముతక చీరలోనే గడిచింది. ఆమెకు ఈ తళుకుల తొడుగేమిటి? ఒక పెళ్లిలో నాకు వరసకు మేనత్త అయ్యే వజ్రమ్మ పదిమంది వినేలా “మీ అవ్వకు నీలం ప్యాంటు ఎవరు కుట్టిండ్రే?” అంది. అందరూ పగలబడి నవ్వారు. ఆ పెళ్లిలో నేను అన్నం ముట్టుకోలేదు.

ఒక రోజు పొద్దున వంటింట్లోకి పోతే అమ్మ గిన్నెకు మూత బిగిస్తోంది. కొత్త మామిడికాయ తొక్కు, పక్కన గుడ్డలో చుట్టిన జొన్నరొట్టెలు.

“ఎవరికమ్మా?”

“ఎవరికేంది? నీ తమ్మునికి, రూమ్ కాడికి.”

“బాపుకు దెలిస్తే?”

“తెలిస్తే తెల్వనియ్యి. మీకు కోపమొస్తే వాని కడుపు ఊకుంటదా?” అంది అమ్మ, నా వైపు చూడకుండానే. తర్వాత చేతులు తుడుచుకుంటూ అడిగింది. “అవునే, నువ్వు గింత లొల్లి జేస్తున్నవు. వాని పుస్తకం సదివినవా?”

“సదువుడెందుకు? మన అవ్వ కథ మనకు దెల్వదా?”

అమ్మ గిన్నెను సంచిలో పెట్టుకుంది. టీవీ కింద అల్మారాలో ఆ పుస్తకాలు కట్టలు కట్టలుగా ఉండేవి, ప్లాస్టిక్ కవర్ కూడా విప్పకుండా. శాలువాలతో పాటు పంచిపెట్టాం గానీ, మా ఇంట్లో వాటిని విప్పి చూసిన పాపాన ఎవరూ పోలేదు.

జూన్ మొదట్లో సినిమా విడుదలన్నారు. బాపు వాకిట్లో కుర్చీలు వేయించి మీటింగ్ పెట్టాడు. పాత కార్యకర్తలు, పొదుపు సంఘం ఆడవాళ్లు, ప్లాట్లు అమ్మే కుర్రాళ్లు అందరూ వచ్చారు. మొదటి రోజే కొంపల్లి మల్టీప్లెక్సు ముందు ధర్నా. ‘మా తల్లికి క్షమాపణ చెప్పాలి’ అని ఫ్లెక్సీ కొట్టించారు. దాని మీద అవ్వ ఫోటో ఇంత, బాపు ఫోటో అంత! అంటే బాపుదే పెద్దది. కానీ ధర్నా చేయాలంటే సినిమాలో ఏముందో ఎవరో ఒకరు చూడాలి కదా. ఆ సినిమా ముఖం చూడనని బాపు అప్పటికే ఒట్టు పెట్టుకున్నాడు.

“కావ్య వోతది,” అన్నాడు బాపు. “టీచర్ గద, తప్పులు వట్టుడు దానికి అలవాటే. పొద్దటాటకు లోపటికి వోయి, ఇంటర్వెల్‌ల నాకు ఫోన్ జేస్తది. గప్పుడు మనం జొర్రుదాం.”

“నేను గూడ వోత,” అంది అవ్వ.

అందరూ మంచం వైపు తిరిగారు.

“నీకెందుకమ్మా?” అన్నాడు బాపు. “ఊకె మనసు పరేషాన్ అయితది.”

“నా సినిమా నేను సూడద్దా?”



విడుదల రోజు పొద్దున ఫ్లెక్సీ, జెండాలు, మనుషులు అందరూ కొంపల్లిలో రోడ్డు పక్క చెట్టు నీడన ఆగిపోయారు. నేను అవ్వ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయాను. ఏసీకి అవ్వ వణికింది. నా చున్నీ కప్పాను. చేతిలో పాప్‌కార్న్ పెడితే ఒక గింజ నోట్లో వేసుకుని “ప్యాలాలే గద,” అని పెదవి విరిచింది. నేను మాత్రం సినిమా చూడటానికి కూర్చోలేదు. జవాబు పేపర్లు దిద్దడానికి కూర్చున్నాను.

మొదట్లో నాకు తప్పులు దొరుకుతూనే ఉన్నాయి. ఊరు మరీ శుభ్రంగా ఉంది. బర్రెకు మట్టి అంటలేదు. సరే, ఇంకా ఉంది కదా, దొరుకుతావులే అనుకున్నాను. కానీ ఆ పిల్ల నడక మొదలుపెట్టింది. అరికాలు నేలకు మోపుతూ, ఒక్కో అడుగుకూ కాస్త ఆగి, మెడ పక్కకు వంచి వింటూ. అది మా అవ్వ నడక. అచ్చంగా మా అవ్వ నడకే. ఎక్కడ నేర్చుకుంది? ఎవరు నేర్పారు? తర్వాత, ఎండిపోయిన వాగులో ఆమె మడమ కింద నుంచి నీళ్లు పుట్టి చీర మీదికి పాకడం మొదలుపెట్టాయి. పాదాల నుంచి మోకాళ్లకు, మోకాళ్ల నుంచి నడుముకు. గోచీ పోసి కట్టిన ముతక చీరే, తడిసి ఒంటికంటుకుని నీలంగా మెరుస్తోంది. తళుకుల తొడుగు కాదు, తడిసిన చీర! ఆ మాట పోస్టర్ మీద రాస్తే వాళ్ల సొమ్మేం పోయింది? ఒక ఎండాకాలమంతా వజ్రమ్మత్త చేత నన్ను మాటలు పడనిచ్చారు.

ఇంటర్వెల్ దగ్గర పడుతుండగా ఫామ్‌హౌస్ వచ్చింది. మా చెలక. బోరుబండి దుమ్ము కక్కుతోంది. బూట్లవాడు తిట్టాడు, కొబ్బరికాయ లాక్కుని పగలగొట్టాడు. పక్కన ఊటమ్మ కొడుకు తల దించుకుని నిలబడి ఉన్నాడు. ఏమీ అనడు. కదలడు. ఇదేమిటి, గల్లా పట్టుకోడేం అని నేను కుర్చీలో ముందుకు జరిగాను. అంతలో ఆ పిల్ల ఉరికొచ్చి బూట్లవాడి కాళ్ల దగ్గర పడింది. నేను పిడికిలి బిగించాను.

ఆమె చేతులు బూట్లను తాకలేదు. నేలకు చెవి ఆనించింది. హాలంతా చప్పుడు ఆగిపోయింది. ఎక్కడో లోతున నీళ్లు, బండల సందుల్లోంచి దారి వెతుక్కుంటున్నట్టు. ఆమె అట్లాగే పడుకుని కళ్లు పైకెత్తింది.

“జరుగు సారూ,” అంది. “నువ్వు నిలవడ్డ కాడనే ఉన్నయ్.”

వాడు నవ్వాడు. జరగలేదు. ఆమె లేచి, కొంగు బిగించి, అరికాలితో ఒక్కసారి నేలను తన్నింది. వాడి బూట్ల కింద నేల పగిలి నీళ్లు లేచాయి. వాడినీ, వాడి కుర్చీనీ, బోరుబండినీ కలిపి ఎత్తి గేటు బయట పడేశాయి.

హాలంతా ఈలలు. నేను లేచి నిలబడి ఉన్నాను. ఎప్పుడు లేచానో నాకు తెలియదు. అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది. తెర మీద నీళ్లు ఇంకా పడుతూనే ఉన్నాయి.

“వచ్చినయే బిడ్డా,” అంది అవ్వ. “వచ్చినయ్.”

లైట్లు వెలిగాయి. నా ఫోన్ మోగింది. బాపు.

“ఏమాయెనే? రావాల్నా?”

“ఇంకా సగమున్నది,” అని పెట్టేశాను. మళ్లీ మోగింది. కట్ చేశాను.

నాకు ఏడుపొస్తోంది, దాంతో పాటు కోపమూ వస్తోంది. ఇంత బాగా తీసినవాళ్లు ఒక్క ముక్క ముందు చెప్పొద్దూ? ఆ తాడుకు ఇవతల నిలబెట్టే బదులు అవతలికి పిలిచి చూపించొద్దూ? సరిగ్గా అప్పుడే వెనక సీట్లో ఒకాయన కూతురితో అంటున్నాడు. “కానీ హర్షితా, గ్రాఫిక్స్ తేలిపోయాయమ్మా. నీళ్లు నీళ్లలా లేవు, జావలా ఉన్నాయి.”

నేను వెనక్కి తిరిగాను. “ఏం సార్, నీళ్లు ఎట్లుండాలె? మీ అపార్ట్‌మెంట్‌ల నల్ల దిప్పితే వచ్చినట్టు రావాల్నా? పాతాళం కెళ్లి వస్తున్నయ్. మన్ను గలుస్తది, రాయి గలుస్తది. చిక్కగనే ఉంటయ్. మీరెన్నడన్న బోరు పడంగ జూసిండ్రా?”

ఆయన బిత్తరపోయాడు. “అయ్యో, కోప్పడకండి మేడం. నా పేరు ఫణిభూషణ్, ఇక్కడే విల్లాల్లో ఉంటాం. మేము తిట్టడానికి రాలేదండీ. ఈ కామిక్కు మా ఇంటిల్లిపాదీ ఫ్యాన్సు. సినిమా వాళ్లు దీన్ని ఎలా పాడుచేస్తారో అని భయపడుతూ వచ్చాం. నిజం చెప్పొద్దూ, ఇంత బాగుంటుందని కల్లో కూడా అనుకోలేదు. ఒక్క నీళ్ల దగ్గరే, ఏదో నోరు జారాను.”

“మంచిగనే ఉన్నది,” అన్నాను, నేనే తీసినట్టు. “ఒక్కటే తప్పు. గా కొడుకును గట్ల జూపియ్యద్దు. అసలు కథల కొడుకు గల్లా వడ్తడు.”

“పుస్తకంలోనా? లేదండీ,” అన్నాడాయన. “పుస్తకంలోనూ అంతే కదా. తల దించుకున్న కొడుకు బొమ్మ పేజీ నిండా ఉంటుంది. ఒక్క మాట కూడా రాయలేదు ఆ పేజీలో. మా హర్షిత అక్కడికొచ్చి పుస్తకం మూసేసి ఏడ్చింది. మీరు చదవలేదా?”

సొంత తమ్ముడు గీసిన పుస్తకం, మా ఇంటి కథ, విల్లాల్లో ఉండే పరాయి మనిషి నాకు చెప్తున్నాడు. అన్వేష్ మీద మళ్లీ మండింది. అన్నీ నిజం గీసి, కన్నతండ్రి దగ్గరికొచ్చేసరికి అబద్ధమా? అవ్వ నా చెయ్యి పట్టి లాగింది.

“కూసోవే. లైట్లు వోయినయ్.”

మిగతా సగం నేను సరిగ్గా చూడలేదు. బయటికొచ్చాక బాపును ఎట్లా సముదాయించాలా, తమ్ముణ్ని ఎట్లా కడగాలా అన్నదే నా ఆలోచన. అవ్వ మాత్రం రెప్ప వేయకుండా చూసింది.

బయట ఎండ పెళ్లున కొడుతోంది. మా వాళ్లు ఫ్లెక్సీని చాపలా పరుచుకుని దాని మీద కూర్చుని మిర్చి బజ్జీలు తింటున్నారు. బాపు మమ్మల్ని చూడగానే ఉరికొచ్చాడు.

“ఏందే నువ్వు? ఫోన్ జేస్తనంటివి, చేసిన ఫోన్ కట్ జేస్తివి. మనుషులు ఎండల మాడవట్టిరి.”

“ధర్నా వద్దు బాపూ. అందర్ని ఇండ్లకు తోలియ్యి.”

“అంటే? కాళ్ల మీద పడలేదా?”

“పడలే. భూమికి చెవి వెట్టింది. మనం దూరం కెళ్లి జూసి తప్పనుకున్నం. సినిమా మస్తుగున్నది బాపూ, నువ్వు గూడ జూడాలె. గా సారు గేటు బయట వోయి వడ్డడు. అవ్వ నడకతో సహా దించిండ్రు.” నేను ఊపిరి తీసుకున్నాను. “ఒక్కదాని కాడనే నాకు కోపం. నువ్వు సప్పుడు జెయ్యక తల వంచుకొని నిలవడ్డట్టు తీసిండ్రు. పుస్తకంల గూడ గట్లనే ఉన్నదంట. గది మాత్రం నేను ఊకోను. వాన్ని నిలదీస్త.”

బాపు నా వైపు చూడలేదు. అవ్వ వైపు చూశాడు.

“ఏం నిలదీస్తవే?” అంది అవ్వ. “దాంట్ల తప్పేమున్నది?”

“గదేంది అవ్వా? బాపు సారు గల్లా వట్టిండు గద.”

“ఎవరు జెప్పిండ్రు నీకు?”

ఎవరు చెప్పారు? అందరూ చెప్పారు. బాపు చెప్పాడు. అవ్వ ఒక్కతే ఎప్పుడూ చెప్పలేదు. బజ్జీలు తింటున్నవాళ్లు తినడం ఆపి మా వైపే చూస్తున్నారు. బాపు “అమ్మా, పదమ్మా, కార్ల గూసో” అని ఆమె భుజం పట్టుకోబోయాడు. అవ్వ ఆ చెయ్యి తీసేసింది. విసురుగా కాదు, దారికి అడ్డమొచ్చిన కొమ్మను జరిపినట్టు.

“గీ ఇంట్ల ఒక్కలన్న, అవ్వా, గా దినం ఏమైందని నన్ను అడిగిండ్రా? వాడొక్కడే అడిగిండు. నా మంచంల పండుకొని, పోరగాడు, రోజూ అడిగిండు. జెప్పిన. గా సారుకు నా కొడుకు గప్పుడు భూములు జూపిస్తుండె. సారు నన్ను తిట్టుకుంట ఉంటే, నా కొడుకు ఆయన నెత్తి మీద ఛత్రి వట్టుకొని నిలవడ్డడు. ఎండ తాకద్దని.”

బాపు తెల్లచొక్కా వీపంతా చెమటకు అంటుకుపోయింది.

“ఛత్రి సంగతి గూడ వానికి జెప్పిన,” అంది అవ్వ. “వాడు గీయలే. బొమ్మల జూసిన, సినిమాల జూసిన, ఛత్రి లేదు. మా బాపు గదవ్వా, నలుగుర్ల ఇజ్జత్ వోతదన్నడు.”

నేను ఇన్నేళ్లు గర్వపడిన కథ అక్కడ, ఎండలో, అంతమంది ముందు ముగిసిపోయింది. బాపు మీద నాకు పట్టలేనంత కోపం వచ్చింది. తిట్టడానికి నోరు తెరిచాను. ఆయన ముఖం చూసి మూసేశాను.

బాపు నా వైపు తిరిగాడు. మా వాళ్లందరూ వింటున్నారని కూడా చూడలేదు.

“గా పోరడు రూమ్ యాడ దీసుకున్నడే?” అని అడిగాడు నన్ను.

“నాకు దెల్వదు బాపూ,” అన్నాను. “అమ్మకు దెలుసు.”